పాటలో పొత్తు యెవరిది?

తెలుగు పాటలో అన్నిటికన్నా గొప్ప జంట యేది అన్న చర్చ మన విద్యార్థుల హాస్టళ్ళలోనూ, ఉపాధ్యాయుల గదుల్లోనూ యేళ్ళ తరబడి సాగుతున్నది. ఘంటసాల, సుశీల అని ఒకరంటారు. ఆత్రేయ, మహదేవన్ అని మరొకరు పట్టుబడతారు. బాలసుబ్రహ్మణ్యం, ఇళయరాజాల పేరెత్తితే తప్ప కుర్రవాళ్ళు వూరుకోరు. 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన తర్వాత కీరవాణి, చంద్రబోస్‌ల పేర్లు కూడా యీ పట్టికలోకి యెక్కాయి. వాదించేవారు పాటల సంఖ్య చెబుతారు, బహుమతులు లెక్కపెడతారు, చివరకు యెవరి అభిమానం వారిదేనని లేచిపోతారు.

యీ చర్చ దండగ అని నేననను. సినిమా పాట అనగానే ముక్కు చిట్లించే అభ్యుదయవాదులు మనలో కొందరున్నారు. వారితో నాకు యేకీభావం లేదు. కోట్లాది జనం బండి తోలుతూ, కలుపు తీస్తూ, పిల్లల్ని నిద్రపుచ్చుతూ పాడుకునే పాటను కాదని, ఆ జనం కోసమే సాహిత్యం సృష్టిస్తున్నామనడం నవ్వులాట. నా తగాదా పాటతో కాదు, మనం పట్టుకున్న కొలబద్దతో.

పొత్తు అంటే యేమిటో పల్లెటూరి రైతుకు తెలుసు. ఒకరి యెడ్లు, ఒకరి విత్తనం, ఇద్దరి కష్టం, కళ్ళంలో ఇద్దరికీ వాటా. విత్తనం పెట్టినవాడికి కళ్ళం దగ్గర చోటు లేకపోతే దాన్ని యే రైతూ పొత్తు అనడు. దానికి అతని దగ్గర వేరే మాట వున్నది. పాటకు మాత్రం వేరే న్యాయం యెందుకు? పొత్తును కొలవాలంటే మూడు ప్రశ్నలు వెయ్యాలి. అందులో యెవరు యేమి పెట్టారు? చేస్తున్నప్పుడు యెవరి మాట చెల్లింది? చివరకు పేరూ, డబ్బూ యెవరికి ముట్టాయి? గొప్ప జంట యేది అని వాదించేవారు మొదటి ప్రశ్నలో సగం వేసి, మిగతా రెండూ మరచిపోతున్నారు.

1957లో వచ్చిన 'మాయాబజార్' సంగతి తీసుకోండి. సంగీత దర్శకుడుగా దానికి ఘంటసాల పేరున్నది. మొదట కుదిరినవాడు సాలూరు రాజేశ్వరరావు. ఆయన నాలుగు పాటలకు వరుసలు కట్టి తప్పుకున్నాడు. ఆ వరుసలకు వాద్యాలు కూర్చి రికార్డు చేయించినవాడూ, తక్కిన సంగీతమంతా సమకూర్చినవాడూ ఘంటసాల. తెలుగువారు తరతరాలుగా పాడుకుంటున్న ఆ పాటల్లో యిద్దరి చెయ్యీ కలిసింది. అయినా మన జంటల పట్టికలో ఘంటసాల, రాజేశ్వరరావుల 'మాయాబజార్' యెక్కడా కనిపించదు. కారణం సులభం: ఆ పట్టిక టైటిళ్ళు చూసి రాసింది, పాట విని రాసింది కాదు. యిక ఆ పాటల్లో వయొలిన్ వాయించినవారూ, తబలా వాయించినవారూ యెవరని అడిగితే జవాబు చెప్పగలిగినవారు మనలో యెంతమంది? మద్రాసు స్టూడియోలో, దీపాల వెలుగులో జరిగిన పనికే యీ గతి పట్టినప్పుడు, కొండమీద జరిగే పని మాట చెప్పనక్కరలేదు.

నేనుండేది పాడేరులో. అందుచేత 'నాటు నాటు' సంగతి నాకు మిగతా తెలుగువారికన్నా కొంచెం దగ్గర సంగతి. 'ఆర్ ఆర్ ఆర్' 2022 మార్చి 25న విడుదలైంది. సరిగ్గా పది రోజులకు, ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడింది. రామరాజు, భీమ్ పేర్లు పెట్టుకున్న యిద్దరు యువకులు ఆ పాటలో తెల్లదొరల విందులో చిందేసి వారి పొగరు అణుస్తారు. 1924లో కాల్పులకు బలి అయిన రామరాజూ, 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమరం భీమూ యేనాడూ కలిసి ఆడలేదు. కల్పన చేసుకునే హక్కు కళాకారుడికి వున్నది. దాన్ని నేను ప్రశ్నించను. పల్లెటూరి తెలుగు మాట ప్రపంచ వేదిక యెక్కినందుకు సంతోషించినవారిలో నేనూ ఒకణ్ణి.

కాని మూడు ప్రశ్నలూ వేసి చూడండి. పేర్లు మన్యానివి, గోండు అడవివి. చిత్రీకరణ జరిగింది 2021లో, కీవ్ నగరంలో, ఒక రాజభవనం ముందు. రాసినవారు, కట్టినవారు, పాడినవారు, ఆడినవారు, ఆడించినవారు అని మనం విన్న పేర్లలో మన్యంవాడి పేరు ఒక్కటీ లేదు. నేరం కీరవాణిదీ కాదు, చంద్రబోస్‌దీ కాదు. వారు తమ పని శ్రద్ధగా చేశారు. ఆ పాటను చూపించి 'అడవిబిడ్డల కళకు విశ్వఖ్యాతి' అని వుపన్యాసాలు యిచ్చినవారితోనే నా వాదం. అడవిబిడ్డల కళ అక్కడిదాకా పోనేలేదు. పేరు ఒక్కటే పోయింది.

యీ జబ్బు పాటతో ఆగదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద పడి తుపాకులు పట్టుకుపోయిన దండులో గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు వున్నారు. పోడును అణిచిన అటవీ చట్టం కింద, వెట్టి రోడ్డు పనుల కింద నలిగిన కొండప్రజ వారి వెనక వున్నది. మల్లుదొర స్వరాజ్యం వచ్చిన తర్వాత 1952లో లోక్‌సభకు కూడా యెన్నికైనాడు. మన కాలేజీ విద్యార్థిని నిలబెట్టి ఆయన యెవరని అడగండి. ఒక్క కథానాయకుణ్ణి నిలబెట్టి, మిగతావారిని వెనక గుంపుగా నిలబెట్టే అలవాటు చరిత్రలోనూ అదే, సినిమాలోనూ అదే, మన జంటల చర్చలోనూ అదే.

మరి కొండమీద పొత్తు యెట్లా వుంటుంది? థింసా చూడండి. చైత్రమాసంలో ఇటుకల పండుగకూ, పెళ్ళిళ్ళకూ యీ కొండల్లో థింసా ఆడతారు. బగతలు, కొండదొరలు, పోర్జలు, వాల్మీకులు, కోటియాలు అందరికీ అది వున్నది. తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు దాని వాద్యాలు. అందులో రకాలున్నాయి. ఆకులు యేరే పనిని ఆడి చూపేది ఒకటి, పులి బారినుంచి తప్పించుకునే తీరును చూపేది మరొకటి. గ్రామదేవత కొలువులో ఆడే బోడ థింసాలో ఆడవారు ఒక వరుస, మగవారు ఒక వరుస. వీపుల వెనకగా చేతులు పెనవేసుకుంటారు. నెమలియీకల కట్ట పట్టుకున్నవాడు ముందు కదులుతాడు. రెండో వరుస చివర వున్న మనిషి వచ్చి అతనితో చెయ్యి కలుపుతుంది. ముందున్నవాడూ, చివరనున్నదీ కలిస్తేనే వలయం పూర్తవుతుంది. తర్వాత అందరూ కలిసి పాములాగా మెలికలు తిరుగుతారు. తుడుము గతి మారితే అడుగు మారుతుంది. అడుగు బరువెక్కితే తుడుము సర్దుకుంటుంది. ఒక వూరివారు మరొక వూరికి పోయి ఆడతారు. ఆ వూరి ఆడవారు చెయ్యి అందిస్తారు. యిందులో సంగీత దర్శకుడు యెవరు, గాయకుడు యెవరు, అభిమాని యెవరు? పెట్టుబడీ అందరిదే, మాటా అందరిదే, ఆనందమూ అందరిదే. నా మూడు ప్రశ్నలకూ నిలిచే పొత్తు యిది.

దీనికి పండితులు ఒక జవాబు చెబుతారు. అది జానపదం, ముడిసరుకు మాత్రమే; దాన్ని మలిచి సంస్కరించినవాడే కళాకారుడు అంటారు. యీ 'ముడిసరుకు' అన్న మాట మా కొండవారికి కొత్తది కాదు. యీ కొండల కడుపులో బాక్సైట్‌ను చూసినవారు కూడా అదే మాట అన్నారు. వున్నది వున్నట్టు విలువలేనిదనీ, తాము తవ్వుకుపోయిన తర్వాతే దానికి విలువ వస్తుందనీ చెప్పడం తవ్వుకుపోయేవాడి శాస్త్రం. మన సినిమాల్లో కొండజాతి డాన్సు అని ఒక మామూలు సరుకు వున్నది: ఆకులు, యీకలు, అర్థంలేని అరుపులు. అదే సంస్కారమైతే, సంస్కారం లేకుండా వుండడమే థింసాకు క్షేమం.

తవ్వుకుపోవడం వ్యాపారులు మాత్రమే చేస్తారని మనం నిశ్చింతగా కూర్చోవడానికి వీలులేదు. దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా అనే జూలూ గాయకుడు తన బృందంతో కలిసి 1939లో 'మ్బూబే' అనే పాట రికార్డు చేశాడు. అమెరికాలో దాన్ని ముందుగా జనంలోకి తెచ్చినవారు పీట్ సీగర్, ఆయన వీవర్స్ బృందం. సీగర్ వామపక్షాలవారికి యెంత ఆప్తుడో చెప్పనక్కరలేదు. పాట పేర్లు మార్చుకుని ప్రపంచమంతా తిరిగింది, డిస్నీవారి సినిమాలో కూడా చేరింది. లిండా 1962లో బీదవాడుగా పోయాడు. సీగర్ తన వంతుగా కొంత సొమ్ము పంపించాడు. కాని వారసులకు న్యాయమైన వాటా గురించి ఒప్పందం కుదిరింది 2006లో. మంచి మనసు చాలదు. లెక్క సరిగా వుండాలి.

మనవాళ్ళలో లెక్క తెలిసినవారు లేకపోలేదు. షేక్ నాజర్ బుర్రకథ చూడండి. ప్రజానాట్యమండలి ఆ కళారూపాన్ని ప్రజల చేతికి తిరిగి యిచ్చింది. కథకుడికి యిరువైపులా వంతలు వుంటారు. ఒకడు రాజకీయం చెబుతాడు, ఒకడు హాస్యం చెబుతాడు. కథకుణ్ణి మధ్యలో ఆపి ప్రశ్నించే హక్కు వారికి వున్నది. ఆ హక్కే బుర్రకథకు ప్రాణం. 1972లో మొదలైన జననాట్యమండలిలో వంగపండు ప్రసాదరావు, గద్దర్ కలిశారు. ఒకరు వుత్తరాంధ్ర వోడకార్ఖానా కార్మికుడు, ఒకరు తూప్రాన్ దళితవాడ బిడ్డ. వారి నడుమ రెండు ప్రాంతాల యాసలు, రెండు ప్రాంతాల అడుగులు కలిశాయి. వంగపండు 2020 ఆగస్టులోనూ, గద్దర్ 2023 ఆగస్టులోనూ వెళ్ళిపోయారు. వారి రాజకీయాలతో మీరు యేకీభవించవచ్చు, యేకీభవించకపోవచ్చు. కాని యే వూరి బాణీ ఆ వూరికి తిరిగి చేర్చిన జంట అది. సినిమా జంటల పట్టికలో వారికి చోటు లేకపోవడం ఆ పట్టిక దారిద్య్రం.

చట్టం సంగతి కూడా చూడాలి. 1957 కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించారు. పాట రాసినవారికీ, వరుస కట్టినవారికీ సినిమాహాలు బయట వచ్చే రాయల్టీలో వాటాను యెవరూ రాయించుకుపోకుండా కట్టుదిట్టం చేశారు. మంచిపని. కవులూ, సంగీతకారులూ పోరాడి సంపాదించుకున్న హక్కు అది. కాని ఆ హక్కు పేరున్నవాడికే. రచయిత ఫలానా అని చెప్పలేని పాటకు, వూరంతా కలిసి కట్టిన అడుగుకు ఆ కాగితంమీద వాటా లేదు. అందరిదీ అన్నది యెవరిదీ కాదన్నట్టు తీసుకుపోవచ్చు.

కాబట్టి విద్యార్థి మిత్రులకూ, తోటి ఉపాధ్యాయులకూ నేను చెప్పేది యిది. గొప్ప జంట యేదని తప్పకుండా వాదించండి. అయితే ముందు మీ కాలేజీ సభకు థింసా బృందాన్ని పిలిచినప్పుడు మంత్రిగారి కారు ముందు యెండలో నిలబెట్టకండి. ప్రార్థనగీతం పాడినవారి పేరు చదివినట్టే తుడుము వాయించినవారి పేరూ వేదికమీద చదవండి. భోజనం పెట్టి పంపడం మర్యాద మాత్రమే, కూలి వేరే యివ్వాలి. ముందుగా మాట్లాడుకుని యివ్వాలి. పాట రికార్డు చేస్తే, పాడినవారి పేరూ, వూరూ రాసి, ఒక ప్రతి ఆ వూరికి చేర్చండి. తీసుకున్న పాటను సినిమాకో, సభకో వాడదలిస్తే, కాదనే హక్కు ఆ వూరికి వున్నదని ఒప్పుకోండి. కాదనే హక్కు లేనివాడు పొత్తుదారు కాడు.

యీ పనులు చెయ్యకుండా జంటల గొప్పతనం చర్చించడం, యింకొకరి చేలో పండిన పంటకు మనం తూకం వెయ్యడమే.