రాతకూ వాటా ఉంది

రాజోలు దగ్గర లంకగ్రామంలో ఓ సోదరి ట్రంకుపెట్టె తెరిచి నాకో ఒప్పందం చూపించింది. భర్త 2014లో సినిమాకు మాటలు రాశాడు, ఇప్పుడు లేడు. సినిమా టీవీలో వస్తూనే ఉంది. "డబ్బు అప్పుడే ఇచ్చేశారు కదండీ" అందామె.

అది రాసినందుకు ఇచ్చిన కూలి. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం, సినిమాహాల్లో కాక టీవీ వంటి చోట్ల వాడుకుంటే రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉంది. వద్దని సంతకం పెట్టినా చెల్లదు. రచయిత పోయాక 60 ఏళ్ళదాకా వారసులు అడగవచ్చు. అడిగేవాళ్ళేరీ?

దాయాదుల మధ్య కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టే సీమ మనది! అమలాపురం, కొత్తపేట కార్యకర్తలారా, వితంతు పింఛను దరఖాస్తు నింపేటప్పుడు ఇంట్లో సినిమాకు రాసినవారున్నారా అనీ అడగండి. ఆమె పెట్టెలో 2022 వరదకు తడిసింది సంతకాలున్న పేజీయే.