ఇంటి నేర్పు: బీరువాలోని పాత కెమేరా

కోరాపుట్టు, జయపురం, రాయగడ, గుణుపురం – ఏ ఊరి తెలుగువారి ఇంట చూచినను, బీరువా అడుగున పాత డిజిటల్ కెమేరా యొకటి దొరుకుట వింత కాదు. అమ్మాయి పెండ్లికో, గృహప్రవేశమునకో ముచ్చటపడి కొన్నది. ఒకనాడు పనిచేయుట మానినది. ఇంతలో ఫోనులో బొమ్మలు తీయుట వచ్చినది. దానిని అందరూ మరచిరి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు, మన పెద్దలు ఇల్లు కదలకయే మద్రాసు రాజధానినుండి క్రొత్త రాష్ట్రమునకు మారిరి. ఆ తరమువారు స్టూడియోలో తీయించుకొన్న కాగితపు బొమ్మ నేటికిని కొందరి ఇండ్లలో గోడమీద నున్నది. పదునైదేండ్ల క్రిందట తీసిన తాతగారి బొమ్మ మాత్రము మనుమలకు కానరాదు. అది చెడిన కెమేరాలో చిక్కుకొని యున్నది. కాబట్టి ఈ నెల దానిని గూర్చి నాలుగు మాటలు.

మొట్టమొదట కార్డు సంగతి. కెమేరా చచ్చినంత మాత్రమున బొమ్మలు చావవు. కార్డు బయటికి తీసి, కార్డు రీడరులో పెట్టి, బొమ్మలను రెండు చోట్ల దాచుకొనుడు. బొమ్మలు కనబడకున్నచో ఆ కార్డును ఫార్మాటు చేయరాదు. దానిపై క్రొత్త బొమ్మలు తీయరాదు. పొరపాటున తుడిచిన బొమ్మలు కూడ, వాటి చోట వేరొకటి చేరనంతవరకు, తెలిసినవారు తిరిగి రాబట్టగలరు.

రెండవది సెల్లులు. ఏండ్ల తరబడి లోపలనే యుంచిన సెల్లులు కారి, రేకులకు తెల్లని లేక పచ్చని పొక్కు పట్టును. మామూలు ఆల్కలైన్ సెల్లునుండి కారునది క్షారము; క్షారమునకు పులుపు విరుగుడు. చేతులకు తొడుగులు వేసికొని, పొక్కు రాల్చి, పుల్లకు చుట్టిన దూదిని నిమ్మరసములో కొద్దిగా తడిపి రేకులను తుడువవలెను. పిమ్మట స్పిరిటుతో తుడిచి, ఒక దినము ఆరనిచ్చి, క్రొత్త సెల్లులు వేసి చూడుడు. లెన్సు సగములో నిలిచిపోవుటకు కూడ పలుమారులు నీరసించిన సెల్లులే కారణము. ఛార్జి చేయు పలుచని లిథియం బ్యాటరీ ఉబ్బియున్నచో మాత్రము దానిని నొక్కరాదు, పొడవరాదు, ఛార్జి చేయరాదు, చెత్తలో పారవేయరాదు.

మూడవది తడి. సముద్రమట్టమునకు 870 మీటర్ల ఎత్తుననున్న కోరాపుట్టులో వానకారు వచ్చెనా, గోడలే చెమర్చును. కెమేరా తడిసినచో పనిచేయుచున్నదో లేదో చూతమని వెంటనే మీట నొక్కవద్దు. బ్యాటరీ, కార్డు తీసి, మూతలన్నియు తెరచి, నీడలో పంకా క్రింద రెండు మూడు దినములు ఆరనిండు. బియ్యములో పాతిపెట్టుట మేలు కాదు. ఆ పిండి, దుమ్ము సందులలో చేరును. పొయ్యి దగ్గర అసలే పెట్టరాదు. తోలుసంచి తేమను పీల్చుకొనును, అందు దాచిన లెన్సుకు సాలెగూడువంటి బూజు పట్టును. మూత బిగువుగల డబ్బాలో, సిలికా జెల్ పొట్లములతో దాచుట మంచిది.

బొమ్మ నల్లగానో, ఊదారంగు చారలతోనో వచ్చినచో దోషము సెన్సారుది. 2005లో కొన్ని జపాను కంపెనీలు తమ కెమేరాల సెన్సారులు వేడి, తేమ హెచ్చుగానున్న చోట్ల చెడుచున్నవని ఒప్పుకొని, ఉచితముగా బాగుచేసి ఇచ్చినవి. దీనికి ఇంట మందు లేదు. అంతకుముందు తీసిన బొమ్మలకు మాత్రము దానివలన చెరుపు లేదు.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. పిల్లవాండ్రు చురుకైనవారు, మరలు విప్పి చూతమందురు. విప్పనీయకుడు. ఫ్లాషు వెలిగించుటకు లోపలనున్న కెపాసిటరులో సుమారు 300 వోల్టుల విద్యుత్తు నిలువయుండును. బ్యాటరీ తీసిన పిమ్మటను అది కొంతకాలము పోదు. చేయి తగిలినచో ప్రమాదము.

ఇన్ని చేసినను కెమేరా బాగుపడకపోవచ్చును. పోనిండు. బొమ్మలు చేతికి వచ్చినచో పని సగమైనట్లే. తక్కిన సగము పెద్దవారు ఇంటనుండగనే కావలెను. వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఈమె ఎవరు, ఆ ఊరేది, అది ఏ యేడు అని అడిగి వ్రాసికొనుడు. మంచివి పది బొమ్మలు ఏరి అచ్చువేయించి ఆల్బములో అంటించుడు. వాటి ప్రక్కన పేర్లు తెలుగులోను, ఒడియాలోను వ్రాయుడు. ఒడియా బడిలో చదువుకొను మనుమడు తెలుగు అక్షరము నేర్చునంతవరకు, ముత్తవ్వ పేరు చదువలేక కూర్చుండనక్కరలేదు.