కుంటు కోడి

ఎద్దు కుంటినచో మనము ఆనాడే గిట్ట లేపి చూతుము. కోడి కుంటినచో కూరకు కోయుదుము, లేదా సంతకు పంపుదుము. ఈ భేదము న్యాయము కాదని మా యభిప్రాయము. అనేక కుటుంబములలో ఇల్లాలి చేతిలో ఆడు నాలుగు రూపాయలు గ్రుడ్లు అమ్మినవియే కదా!

ఇతరులకు బోధించు మేమును ఈ విషయమున తప్పు చేసినవారమే. మా పెరటి పెట్ట యొకటి నాలుగు దినములు ఒంటికాలిపై నిలువగా, ముల్లు గ్రుచ్చుకొన్నదని తలచి, పొరుగువారి మాటపై వాపును సూదితో పొడిచి పిండితిమి. చీము రాలేదు, నెత్తురు వచ్చినది. మూడవనాటికి వాపు వ్రేళ్లకు ప్రాకినది. కోడి చీము పశువుల చీమువలె జాఱునది కాదు. అది జున్నుముక్కవలె గట్టిపడి లోపలనే కూర్చుండును. పిండినకొలది రోగము లోనికి పోవును. వాత పెట్టుట అంతకంటెను క్రూరము.

ఈ పుండునకు తఱచుగా కారణము స్టెఫిలోకాకస్ అను సూక్ష్మజీవి. అది కోడి చర్మముపై ఊరకయే యుండును. ముల్లో, గాజుపెంకో, మొరటు కఱ్ఱయో అరికాలిని చీల్చినప్పుడు, ఎత్తునుండి గట్టినేలపై మాటిమాటికి దుమికి పాదము నలిగినప్పుడు, లోన ప్రవేశించును. అరికాలి నడుమ నల్లని పెచ్చు కట్టుట దీని గుఱుతు. రాత్రి కోళ్లు గూటికి చేరిన పిదప, వారమున కొకసారి దీపము పట్టి పాదములు చూచినచో ఆదిలోనే తెలియును.

అప్పుడు వెచ్చని ఉప్పునీట పాదమును పది నిమిషములు నాననిచ్చి, తడి యొత్తి, అయొడిన్ మందు పూసి, శుభ్రమైన గుడ్డ వదులుగా కట్టి, దినదినము మార్చవలెను. కోడిని పొడిగడ్డి పఱచిన గంప క్రింద వేఱుగా నుంచవలెను. ఈ క్రిమి మన చేతి గాయములకును సోకును గనుక తొడుగులు ధరించి, పిదప సబ్బుతో కడుగుకొనుడు. వాపు గట్టిపడినను, కోడి మేత మానినను పశువైద్యునికి చూపవలసినదే. కత్తి ఆయన చేతిదే గాని మనది కాదు. అంగడిలో మాత్రలు కొని మ్రింగింపరాదు. వైద్యుడు మందిచ్చినచో, ఎన్నినాళ్లు గ్రుడ్లు, మాంసము తినరాదో అడిగి తెలిసికొనుడు.

కోడి వెలకంటె మందు వెల యెక్కువ యని కొందఱందురు. ముదిరిన రోగమునకు అది నిజమే. అట్టి రైతును మేము నిందింపము. కాని ఒక కోడి కుంటినదనగా గూటిలో దోషమున్నదేమో యని చూడవలెను. ఆ కోడిని అమ్మివేసినను దూలము అక్కడనే యుండును. మఱునెల మఱియొకటి కుంటును. దండెము మోకాలి యెత్తు మించక, రెండంగుళముల వెడల్పున, అంచులు నున్నగా నుండవలెను. క్రింద వరిపొట్టు పఱచి, తడిసినదానిని తీసివేయుచుండవలెను. దీనికి వ్యయ మేమున్నది?

మా పెట్టకు వైద్యుడు కోసి తీసిన గడ్డ శనగగింజంత యున్నది. అది యిప్పటికిని కొంచెము కుంటును. మేము దండెమును దించిన పిమ్మట మాత్రము తక్కిన యేడు కోళ్లలో ఒక్కదానికిని పెచ్చు కట్టలేదు.