చెవిన పడే తెలుగు

మూడు నాలుగు తరాలుగా పొరుగు రాష్ట్రాలలో కాపురమున్న మన ఇండ్లలో తెలుగు ముఖ్యంగా చెవి ద్వారానే బ్రతికి వస్తున్నది. పిల్లలు బడిలో తమిళమో, కన్నడమో, ఒరియానో, మరాఠీయో చదువుతారు. ఇంటి తెలుగు పప్పు, చారు, చీర, చెల్లెలు వరకు చక్కగా నడుస్తుంది. అక్కడినుండి పైకి పోతే తడబడుతుంది. మద్రాసులో పుట్టిన మన పిల్లవాడు తుపాను అనడు, ‘పుయల్’ అంటాడు. వానిని తప్పు పట్టి లాభం లేదు; ఆ మాట ఇంట్లో ఎవరూ వానికి వినిపించలేదు.

అందుచేత ఈ నెల రేడియోను గురించి నాలుగు ముక్కలు వ్రాయదలచాము. పాటలను గురించి కాదు, పాటలకు మా సిఫారసు అక్కర లేదు. తెల్లవారినది మొదలు రాత్రి వరకు ఆకాశవాణి పలికే మాటలను గురించి.

ఆ పేరు ముందుగా పెట్టుకొన్నది ఢిల్లీ వారు కాదు. 1935లో మైసూరులో మనస్తత్వశాస్త్రం చెప్పే ఆచార్య గోపాలస్వామిగారు తమ ఇంటిలోనే చిన్న ప్రసార కేంద్రం నెలకొల్పి దానిని ‘ఆకాశవాణి’ అన్నారు. ఆల్ ఇండియా రేడియో వారు ఆ పేరు తరువాత తీసుకొన్నారు. కర్ణాటకలోని మన వారు ఈ సంగతి కొంచెం గర్వంగానే చెప్పుకోవచ్చును. తమిళ దేశంలో మాత్రం ‘వానొలి’ అనే అంటారు. తెల్లవారుజామున వినవచ్చే ఆ ఫిడేలు రాగం కట్టినవాడు వాల్టర్ కౌఫ్‌మన్. హిట్లరు కాలంలో ప్రేగ్ విడిచి వచ్చి, బొంబాయి కేంద్రంలో పనిచేసిన యూదుడు. పరదేశంలో తలదాచుకొన్నవాడు కట్టిన రాగంతో మన దేశం ఇన్నేండ్లు నిద్ర లేచినది.

మన వంటి వారు గుర్తుంచుకోదగిన సంగతి మరొకటి కద్దు. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైనది. విజయవాడ కేంద్రం వచ్చినది 1948 డిసెంబరు 1న. నడుమ పదేండ్లు కోస్తా జిల్లాలకు తెలుగు మాట మద్రాసునుండే వెళ్ళేది. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయినది మద్రాసు స్టూడియోలోనే. ఆ తరువాత ప్రవాహం తిరిగినది. మనము విజయవాడ వైపు చెవి పెట్టి కూర్చోవలసి వచ్చినది. రాత్రిపూట మధ్యతరంగాలపై ఆ కేంద్రం ఒకప్పుడు స్పష్టంగా, ఒకప్పుడు సముద్రపు హోరుతో వినవచ్చేది. కార్యక్రమాలు అచ్చు వేసే ‘వాణి’ పత్రికను రేడియో పెట్టె ప్రక్కనే ఉంచుకొని, కావలసిన వాటి క్రింద పెన్సిలుతో గీత గీసుకొన్న ఇండ్లు మేము ఎరుగుదుము.

ఉదయం వార్తలు. 1974 జూన్ 30 నుండి సంస్కృతంలో కూడ వార్తలు వస్తున్నవి. అర్థం కాకపోయినా పెద్దలు శ్రద్ధగా వినేవారు. ఇక ఢిల్లీ నుండి తెలుగు వార్తలు. కందుకూరి సూర్యనారాయణగారు, ఏడిద గోపాలరావుగారు చదువుతుంటే గడియారం సరిచూసుకొనేవారు, చేతిలో కాఫీ గ్లాసు చల్లారిపోయేది. ప్రభుత్వం వారి సంస్థ గనుక ప్రభుత్వాన్ని నొప్పించే మాట అందులో అరుదు. 1997లో ప్రసారభారతి ఏర్పడిన తరువాత కూడ ఆ అలవాటు పూర్తిగా పోయినదని మేము అనము. అయినను లోక్‌సభకు, లోటుకు, ఒడంబడికకు, వాయుగుండానికి తెలుగులో ఏమంటారో మన ఇండ్లకు చెప్పినది ఆ పది నిమిషాలే.

మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం. వంటలు, చంటిబిడ్డల ఆరోగ్యం. వీనిలో కొన్ని ప్రసంగాలు నిద్రమందుకు తీసిపోవు, ఆ మాట దాచనేల? ఆదివారం మధ్యాహ్నం సంగతి వేరు. ఉషశ్రీగారు, అనగా పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులుగారు, విజయవాడ నుండి రామాయణ భారతాలు చెప్పేవారు, ధర్మసందేహాలు తీర్చేవారు. తెలుగు అక్షరం ఒక్కటి రాని పిల్లలు కూడ భీముని కోపం, విదురుని నీతి ఆయన గొంతులోనే ఎరిగినారు. సమాసాలు వారికి అర్థమయినవా అని అడిగితే, అన్నీ కాకపోవచ్చును. కాని తెలుగు వాక్యం ఎక్కడ ఆగాలో, ఎక్కడ లేవాలో వారి చెవికి తెలిసినది. అది పుస్తకం నేర్పే విద్య కాదు.

సాయంకాలం రైతులకు. పట్నవాసులు ఆ సమయానికి పెట్టె కట్టివేస్తారు, అది పొరపాటు. 1960లలో తంజావూరు వైపు ఏ.డి.టి. 27 అనే వరి వంగడాన్ని రైతులు ‘రేడియో వరి’ అనే పిలిచినారు. దానిని గురించి వారు విన్నది తిరుచ్చి కేంద్రం నుండి గదా! అంతకు ముందు 1956లో పూనా కేంద్రం సుమారు 150 గ్రామాలలో రైతులను ఒకచోట కూర్చోబెట్టి, కార్యక్రమం వినిపించి, తరువాత వారిచేతనే చర్చ జరిపించినది. యునెస్కో వారు తోడ్పడిన ఆ ప్రయోగం 1959లో దేశమంతటా విస్తరించినది. ఒక్క గొంతు మాట్లాడితే పది మంది మాట్లాడుకోవాలన్నది అక్కడి కిటుకు.

రాత్రి నాటకం. అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనడం, ఒక గొంతు: ఇంతే సామగ్రి. మిగిలినది వినేవారి పని.

యానాం, బరంపురం వారికి మేము రేడియో విలువ చెప్పనక్కర లేదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను యానాన్ని ఊడ్చివేసినది. 1999 అక్టోబరు 17న మరొకటి గోపాలపురం దగ్గర తాకినది. అట్టి రాత్రి కరెంటు ఉండదు, తీగెలు తెగి పడివుంటాయి. బ్యాటరీ పెట్టె ఒక్కటే పలుకుతుంది. ఎన్నవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసినారో, జాలరులు వేటకు పోరాదో, ఆ మాట సొంత భాషలో చెవిన పడడానికి, పరభాషలో సగం అర్థం కావడానికి ఎంత తేడా ఉన్నదో అక్కడి ముసలమ్మలను అడగండి.

ఇప్పుడు మధ్యతరంగాల బాధ లేదు. ప్రసారభారతి వారి ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్ ఫోనులో పెట్టుకొంటే విజయవాడ, హైదరాబాదు, విశాఖపట్నం మూడూ షోలాపూరు మగ్గాల ప్రక్కనైనా ఒకే తీరుగా వినవస్తున్నవి. హోరు లేదు, ఏరియలు లేదు, పూర్వం వలె పోస్టాఫీసుకు పోయి లైసెన్సు కట్టవలసిన పనీ లేదు. కాని పెట్టె ఒక్కటే ఉన్న కాలంలో ఇంటిల్లిపాదీ వినేవారు. ఫోను ఒకరి చెవిలోనే ఉంటుంది. తాతగారు విన్న వార్త మనుమని దాకా పోదు. చిన్న స్పీకరు ఒకటి కొని వంటింటి గూటిలో పెట్టండి. ఉదయం వార్తల వేళ దానిని ఎవరూ కట్టివేయకుండా చూడండి. పిల్లలు విననట్టే ఉంటారు, కాని వింటారు.

మీ ఊరిలో ఏ కేంద్రం వింటున్నారో, ఏ కార్యక్రమానికి ఇంటిల్లిపాదీ కూర్చుంటున్నారో ఒక కార్డు వ్రాయండి. తెలుగు లిపి రానివారు తమ కెరిగిన లిపిలో వ్రాసినా సరే, మేము చదివించుకొంటాము.