నోట్‌బుక్ ఒక్కటే పంపితే చాలదు

2021లో చక్కగా నడిచిన జూపిటర్ నోట్‌బుక్‌ను ఇవాళ కొత్త లాప్‌టాప్‌లో తెరిచి నడిపితే తెర నిండా ఎర్రక్షరాలు పడడం పరిశోధక విద్యార్థులకు అలవాటైపోయింది. కోడ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఈలోగా పైథాన్ లైబ్రరీల్లో మార్పులొచ్చాయి: నంపై 1.24 నుంచి ఎన్‌పీ డాట్ ఫ్లోట్ అనే పేరు ఎత్తేశారు, పాండాస్ 2.0లో డేటాఫ్రేమ్‌కు అపెండ్ లేకుండా పోయింది.

ఒకరిద్దరి తలనొప్పే అయితే ఈ కరపత్రం అక్కర్లేదు. పబ్‌మెడ్ సెంట్రల్‌లోని 3,467 వైద్య, జీవశాస్త్ర పత్రాలకు జతగా ఉన్న 27,271 నోట్‌బుక్‌లను ఇద్దరు పరిశోధకులు పట్టుబట్టి పరిశీలించారు. అందులో పైథాన్‌వి 22,578. ఏయే లైబ్రరీలు కావాలో చెప్పినవి 15,817. అవన్నీ ఇన్‌స్టాల్ అయినవి 10,388. తప్పు చూపకుండా చివరిదాకా నడిచినవి 1,203. మొదటి ఫలితాన్నే మళ్లీ ఇచ్చినవి 879! వందకు నాలుగైనా లేవు.

ఎర్రక్షరాలు వచ్చాయంటే నయమే, తేడా ఉందని తెలుస్తుంది. కొన్నిసార్లు ఆ హెచ్చరికా ఉండదు. సైకిట్-లెర్న్ 0.22 వచ్చినప్పుడు రాండమ్ ఫారెస్ట్‌లో డిఫాల్టు చెట్ల సంఖ్య 10 నుంచి 100కు పెరిగింది. పాత కోడ్ కిమ్మనకుండా నడిచి మరో అంకె చేతిలో పెడుతుంది. ‘రాండమ్ ఫారెస్ట్ వాడాం’ అని పత్రంలో రాస్తే అది పది చెట్ల అడవో, నూరు చెట్ల అడవో చదివేవాళ్లకెలా తెలుస్తుంది?

హవాయి విశ్వవిద్యాలయంలో 2019లో బయటపడిన సంగతి ఇంకా విచిత్రం. అది నోట్‌బుక్ కాదు, రసాయనశాస్త్రవేత్తలు 2014 నుంచి వాడుతున్న పైథాన్ స్క్రిప్టు. అదే డేటాకు విండోస్ 10లో 173.2 వచ్చిన విలువ ఉబుంటు 16లో 172.4 అయింది. ఫోల్డరులోని ఫైళ్లను ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కో వరుసలో అందిస్తుంది. స్క్రిప్టేమో అవి ఎప్పుడూ ఒకే వరుసలో వస్తాయని నమ్మింది. ఫైళ్లను ముందే క్రమంలో పేర్చే చిన్న సవరణతో పని అయిపోయింది. ఆలోగా 150కి పైగా పత్రాల మీద అనుమానం పడింది.

మందు ఖరీదైనదేం కాదు. వాడిన లైబ్రరీల పేర్లు వెర్షన్ నంబర్లతో సహా ఒక ఫైలులో ఉండాలి. పిప్ ఫ్రీజ్ ఆ జాబితాను క్షణాల్లో ఇస్తుంది. ‘పైథాన్ 3’ అని ముక్తసరిగా రాసి ఊరుకోకూడదు, 3.8నా 3.11నా అన్నది ముఖ్యం. ఆపైన కెర్నెల్ రీస్టార్ట్ చేసి సెల్స్ అన్నీ మొదటినుంచి నడపాలి. చాలా నోట్‌బుక్‌లలో 42వ నంబరు సెల్ కింద 7వది కనిపిస్తుంది, అంటే కిందిది ముందు నడిచిందన్నమాట. రాసినవారి మెమొరీలో మిగిలిన వేరియబుల్ మీద బతికే కోడ్ ఇంకొకరి దగ్గర ఎలా నడుస్తుంది? నోట్‌బుక్, లైబ్రరీల ఫైలు గిట్‌హబ్‌లో ఉంటే బైండర్ అనే సేవ వాటినుంచి డాకర్ ఇమేజ్ తయారుచేసి, ఎవరి బ్రౌజర్‌లోనైనా ఉచితంగా నడిపిస్తుంది. ప్రచురించిన రూపాన్ని జెనోడో ఆర్కైవులో దాచి డీఓఐ తీసుకుంటే తర్వాత చెదిరిపోదు.

బైండర్ ఇచ్చే మెమొరీ ఒకటి రెండు జీబీలే, పెద్ద మోడళ్లు అందులో పట్టవన్న మాట నిజమే. అలాంటిచోట చిన్న నమూనా డేటాతో నడిచే రూపం చాలు. రోగుల వివరాలు బయటపెట్టలేమనేవారికీ లైబ్రరీల జాబితా బయటపెట్టడానికి అడ్డేమీ లేదు.

ఆంధ్ర, తెలంగాణ విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ థీసిస్‌లను ఎలాగూ థీసిస్‌ల భాండారమైన శోధ్‌గంగకు పంపుతున్నాయి. లెక్కలు కంప్యూటర్ మీద చేసిన ప్రతి థీసిస్‌తోనూ కోడ్, వెర్షన్ల ఫైలు జతచేయాలని రిసెర్చ్ కమిటీలు నియమం పెట్టాలి. వైవాకు ముందు పక్క ల్యాబ్ విద్యార్థి ఒకరు ఆ కోడ్‌ను తన కంప్యూటర్‌లో మొదటినుంచి నడిపి, నడిచిందో ఎక్కడ ఆగిందో ఒక పేజీలో రాసి సంతకం చేయాలి. విభాగాల పత్రికలు నడిపే సంపాదకులు తర్వాతి సంచికకు వచ్చే వ్యాసాలతోనే ఇది మొదలుపెట్టవచ్చు. అందుకు కొత్త బడ్జెట్టేమీ అడగనక్కర్లేదు.