పాత కారు, పెదనాన్నగారి పాట



మా పెదనాన్నగారు ప్రభువునందు నిద్రించి చాలా ఏండ్లయినది. ఆయన హార్మోనియము వాయించుచు పాడిన కీర్తనలు ఒక క్యాసెట్టులో ఉండేవి. టేపు ముడతలు పడి జీరపోవుచుండగా, పూర్తిగా పాడవక ముందే మా తమ్ముడు వాటిని ఫోనులోనికి ఎక్కించినాడు.

క్రిందటి నెల పెద్దమ్మగారిని కంటి పరీక్షకు పట్టణమునకు తీసుకొని వెళ్లినాము. త్రోవలో ఆమె, "ఒరే నాయనా, మీ పెదనాన్న పాట పెట్టరా" అన్నారు. మాది పాత మారుతి 800. అందులో ఉన్నది క్యాసెట్ ప్లేయరే. ఫోనులోని పాట ఇంజను మోతలో వినబడలేదు. తమ్ముడు ఒక చేత్తో స్టీరింగు పట్టుకొని, రెండవ చేత్తో ఫోను వెనుక సీటు వైపు చాపినాడు. అంతలో మలుపు దగ్గర గేదెలు అడ్డము వచ్చినవి. బ్రేకు పడినది గాని, మా గుండె ఆగినంత పని అయినది. పెద్దమ్మగారు, "పాట వద్దు నాయనా, ఇల్లు చేరితే చాలు" అన్నారు.

గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోవును. మూడు సెకనులు ఫోను వైపు చూచితిమా, 50 మీటర్లు కన్నులు మూసుకొని నడిపినట్లే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టము, 184వ సెక్షను ప్రకారము, ఫోను చేత పట్టుకొని నడుపుట ప్రమాదకరమైన డ్రైవింగు క్రిందకు వచ్చును. మొదటి తప్పునకే 1,000 నుండి 5,000 రూపాయల జరిమానా, లేక 6 నెలల నుండి ఏడాది వరకు జైలు, లేక రెండును పడవచ్చును.

అయితే పాత కారులో ఫోను పాట వినుటకు మార్గము లేదా? ఉన్నది. మేము తెలిసికొన్నవి ఇవి.

కారులో క్యాసెట్ ప్లేయరు ఉంటే క్యాసెట్ అడాప్టరు చాలును. ఇది చూచుటకు క్యాసెట్టే గాని లోపల టేపు ఉండదు. ఒక చిన్న హెడ్డు ఉండును. ఫోను నుండి వైరు ద్వారా వచ్చిన పాటను అది అయస్కాంత శక్తిగా మార్చగా, ప్లేయరు హెడ్డు టేపును చదివినట్లే దానిని చదువును. ఇప్పటి అనేక ఫోనులకు ఇయర్‌ఫోను రంధ్రము లేదు గనుక, ఛార్జింగు రంధ్రమునకు సరిపడు కన్వర్టరు కూడ కొనవలెను.

రేడియో మాత్రమే ఉంటే ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు పనికి వచ్చును. సిగరెట్ లైటరు రంధ్రములో దానిని గ్రుచ్చి, ఫోనును బ్లూటూత్‌తో కలిపి, రేడియోలోను ట్రాన్స్‌మిటరులోను ఒకే నంబరు పెట్టవలెను. ఏ స్టేషనూ లేని నంబరు ఎన్నుకొనుడి. విజయవాడలో 98.3 పెట్టినచో రేడియో మిర్చియే వినబడును. పల్లెలలో ఖాళీ నంబర్లు ఎక్కువ గనుక అక్కడ ఇది బాగుగా పనిచేయును. పట్టణము చేరగానే గరగర మొదలు కావచ్చును.

స్టీరియో ముందు భాగమున ఏ.యు.ఎక్స్. అని వ్రాసిన రంధ్రముంటే మరియు సుళువు. ఒక వైరు చాలును, ధ్వనియు శుభ్రముగా ఉండును. ఫోను అదే కారులో ఛార్జింగు అగుచుండగా ఇంజను వేగముతో పాటు హెచ్చు సన్నని ఈల వినబడినచో, ఛార్జరు తీసి చూడుడి. ఈల ఆగినచో దోషము స్టీరియోది కాదు.

ఏ పద్ధతియైనను ఫోను సౌండు మూడు వంతులకు పైగా ఉంచి, మిగిలినది స్టీరియో దగ్గర సరిచేసికొనవలెను. ఫోను సౌండు తగ్గించి స్టీరియో పెంచితే బుస్సుమను శబ్దము పెరుగును.

అన్నిటికంటె ముఖ్యము: పాటల వరుస ఇంటి దగ్గరనే సిద్ధము చేసి, కారు కదలక ముందే ఆరంభించవలెను. పాట మార్చవలసి వస్తే ప్రక్కన కూర్చున్నవారు మార్చవలెను. ఎవరును లేకపోతే కారు ప్రక్కకు ఆపవలెను.

మేము క్యాసెట్ అడాప్టరు తెచ్చినాము. ప్లేయరు హెడ్డును స్పిరిటులో తడిపిన దూదితో మెల్లగా తుడిచి, దానిని పెట్టినాము. రెండవసారి కంటి పరీక్షకు బయలుదేరినప్పుడు ఫోను మా ఒడిలో ఉన్నది, తమ్ముని రెండు చేతులు స్టీరింగు మీద ఉన్నవి. హార్మోనియము మ్రోగగానే పెద్దమ్మగారు కొంగుతో కన్నులు ఒత్తుకొని, ఊరు దాటువరకు మాటలాడలేదు. ఆ తరువాత ఆమెయు మెల్లగా పాడనారంభించిరి.

మీ ఇంటి అటకమీద పెద్దల గొంతు గల క్యాసెట్టులు ఉన్నవేమో వెదకుడి. టేపు ఎల్లకాలము ఉండదు. ఈ నెలలోనే వాటిని ఫోనులోనికి ఎక్కించుడి.