కోళ్ల గూడు కట్టే ముందు



“ఎలాగూ కోసుకుని తినే కోడికి ఇన్ని సౌకర్యాలెందుకు?” అనే మాట మన ఇళ్లలో తరచుగా వినబడుతుంది. ఎండాకాలం రాత్రి పది కోళ్లను ఒకే గంప కింద కుక్కి, పైన రాయి పెట్టి, తెల్లవారి చూస్తే రెండు ఊపిరాడక చనిపోయి ఉంటాయి. జిబహ్ కాకుండా చనిపోయిన ఆ కోడి మాంసం మనకు హరామ్. ధనం నష్టపోయాం, ఒక ప్రాణిని హింసించిన పాపమూ మూటగట్టుకున్నాం. కోసుకునే అనుమతి ఇచ్చిన ప్రభువు హింసించే అనుమతి ఇవ్వలేదన్న సంగతిని మనం మరచిపోతున్నాం.

భూమిపై సంచరించే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మనవంటి సముదాయాలేనని దివ్య ఖుర్‌ఆన్ అన్‌ఆమ్ సూరాలో తెలియజేస్తోంది. ఒక స్త్రీ పిల్లిని బంధించి, దానికి తిండి పెట్టక, అదే వెదుక్కుని తినేందుకు వదలక చంపినందున నరకానికి పోయిందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. కొందరు బాలురు ఒక కోడిని కట్టేసి దానిపై బాణాలు వేస్తుండగా హజ్రత్ అనస్ (రజి) చూసి, ప్రాణులను అలా బంధించి గురిపెట్టడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారని వారికి చెప్పారు. కనుక మనం కట్టబోయే గూడు కేవలం కర్రల పని కాదు. తన బాధ చెప్పుకోలేని ప్రాణిని మన అధీనంలోకి తీసుకుంటున్నాం. అది మన వద్ద ఉన్న అమానత్.

ఇక నిర్మాణం సంగతి చూద్దాం. ఎదిగిన కోడికి గూటిలో కనీసం రెండు చదరపు అడుగుల చోటు ఉండాలి. పది కోళ్లకు ఐదు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల గూడు చాలు. పగలంతా అవి బయట తిరుగుతాయి కాబట్టి ఇది రాత్రి నిద్రకు సరిపోతుంది. పొడవు తూర్పు పడమరలుగా ఉండేలా నిలిపితే పొద్దుటి ఎండా, సాయంత్రపు ఎండా నేరుగా లోపలికి కొట్టవు. నేలకు రెండు అడుగుల ఎత్తున ఇటుక దిమ్మెలపై నిలబెట్టాలి. వాన నీరు చేరదు, అడుగున ఊడ్చుకోవడం సులభం. అడుగు భాగాన వెదురు బద్దలను అర అంగుళం సందు వదిలి పరిస్తే రెట్ట కిందికి రాలిపోతుంది.

గోడలు కింది అడుగు మేర చెక్కతో మూసి, ఆపైన ఇనుప జాలీ బిగించాలి. జాలీ కన్నం అర అంగుళానికి మించరాదు. పెద్ద కన్నాల గుండా పాము దూరుతుంది. పిల్లి పంజా పెట్టి లాగుతుంది. తలుపుకు తాడు ముడి చాలదు, గట్టి గడియ పెట్టాలి. ముంగిసకూ, పందికొక్కుకూ చిన్న సందు దొరికితే చాలు. పైకప్పుకు రేకు వేస్తే మన ప్రాంతపు వేసవిలో గూడు పొయ్యిగా మారుతుంది. తాటాకు గానీ వరిగడ్డి గానీ కప్పడం మేలు. రేకే వేయవలసి వస్తే దానిపై గడ్డి పరచాలి. చూరు అడుగున్నర ముందుకు వస్తే వాన జల్లు లోపల పడదు.

కోడి నేలమీద కన్నా కొమ్మమీద నిద్రించడానికే ఇష్టపడుతుంది. రెండు అంగుళాల మందం గల గుండ్రని కర్రలు రెండు అడ్డంగా అమర్చాలి. ఒక్కో కోడికి ఎనిమిది అంగుళాల చోటు లెక్క చూసుకోవాలి. గుడ్లు పెట్టేందుకు అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పెట్టెలు రెండు, మసక వెలుతురు ఉండే మూలలో, లోపల ఎండుగడ్డి వేసి ఉంచితే చాలు. మట్టి మూకుడులో నీళ్లు నీడన పెట్టి, వేసవిలో రోజుకు రెండు మూడు సార్లు మార్చాలి. పిల్లలకు మొదటి వారంలోనే కొక్కెర తెగులు నివారణకు చుక్కల మందు, తరువాత రెండు నెలల వయసులో టీకా పశువైద్యశాలలో వేయించాలి. ఈ ఒక్క అశ్రద్ధతో మంద మొత్తం తుడిచిపెట్టుకుపోయిన ఇళ్లు అనేకం. చనిపోయిన కోడిని కాలువలో పారవేయక, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

గూటికి చోటు ఎంచుకునేటప్పుడు పొరుగువారిని మరువరాదు. పొరుగువాని గురించి జిబ్రీల్ (అలైహిస్సలాం) ఎంతగా తాకీదు చేశారంటే, ఆయన పొరుగువానిని వారసునిగా చేస్తారేమోనని దైవప్రవక్త (స) భావించారట! వారి కిటికీ పక్కన మన గూడు వాసన కొడుతుంటే మన నమాజులు వారికి ఏమి సాక్ష్యమిస్తాయి? మన కోళ్లు వారి తోటకూర మడిని గీకితే క్షమాపణ కోరి నష్టం తీర్చాలి. వారి పెరట్లో మన కోడి గుడ్డు పెడితే ఆ గుడ్డు మనదే. వారి కోడి మన పెరట్లో పెడితే వారికి అందజేయాలి. కోడి రెట్ట హనఫీ ఫిఖహ్ ప్రకారం నజాసతె గలీజా. అందుచేత జానమాజ్ పరిచే చోటికీ, బట్టలు ఆరవేసే తీగకూ, బావికీ గూడు దూరంగా ఉండాలి. ఊడ్చిన ఎరువు మాగిన తరువాత కరివేపాకు, అరటి మొదళ్లకు వేస్తే వృథా కాదు.

మురుగు కాలువలో తిరిగి మలినమే ఆహారమైన కోడిని మూడు రోజులు కట్టి ఉంచి, శుభ్రమైన మేత పెట్టిన పిదపనే జిబహ్ చేయమని ఫుఖహాలు చెప్పారు. ఇబ్నె ఉమర్ (రజి) ఆచరణ కూడా ఇదే. గూడు ఉన్న ఇంటికి ఈ పని కష్టం కాదు. జిబహ్ నాడు కత్తికి ముందుగా పదును పెట్టాలి. మిగిలిన కోళ్ల ఎదుట కోయరాదు.

సోదరులకు ఒక మాట. అనేక ఇళ్లలో కోళ్లు గృహిణి సొత్తు. తన పుట్టింటివారు ఇచ్చిన పెట్ట, తాను దాచిన డబ్బుతో కొన్న పిల్లలు, గుడ్లమ్మి కూడబెట్టిన సొమ్ము ఆమెవే. స్త్రీలు సంపాదించినదానిలో వారి భాగం వారిదేనని నిసా సూరా స్పష్టం చేస్తోంది. అతిథులు వచ్చారని ఆమెను అడగకుండా గుడ్లు పెట్టే కోడిని పట్టి కోయడం భర్త హక్కు కాదు. ఆమె సంతోషంగా ఇస్తే అది ఉపకారం, అడగకుండా తీసుకుంటే అన్యాయం. ఆ గుడ్ల డబ్బే కొన్ని ఇళ్లలో కూతురి పుస్తకాలకూ, ముసలి తల్లి మందులకూ ఆధారం.

మరొక పరీక్ష సంక్రాంతి రోజుల్లో ఎదురవుతుంది. గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో మంచి అసీల్ పుంజుకు పందెగాళ్లు ఇచ్చే ధర సామాన్యమైనది కాదు. ‘అసీల్’ అనే అరబీ పదానికి మేలుజాతి అని అర్థం. మేలుజాతి ప్రాణి కాలికి కత్తి కట్టి ఆడించడంలో మేలు ఏముంది? జంతువులను కొట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారమూ నేరమే. పందేనికేనని తెలిసి అమ్మడం పాపంలో సహకరించడం. దైవగ్రంథం మాయిదా సూరాలో దీనిని వారించింది. కూలి డబ్బుతో బతికే ఇంటికి ఆ ధరను కాదనడం కష్టమే. అయినా హలాల్ ధర చిన్నదైనా అందులో బర్కత్ ఉంటుంది.

చివరగా, గూడు తలుపు వేసే పనిని ఇంట్లోని పిల్లలకు అప్పగించండి. మగ్‌రిబ్ వేళకు కోళ్లను లెక్కించి గడియ వేయడం, ఫజ్ర్ తరువాత తలుపు తీసి నీళ్లు పెట్టడం వారి బాధ్యత. కోడి కూత వినగానే అల్లాహ్ అనుగ్రహాన్ని అర్థించమన్న దైవప్రవక్త (స) బోధను వారికి నేర్పండి. తమకన్నా బలహీనమైన ప్రాణి తమపై ఆధారపడి ఉందని పదేళ్ల వయసులో గ్రహించిన బిడ్డ, రేపు ఇంటి పెద్ద అయినప్పుడు తన కింద ఉన్నవారిని హింసించడు.

మన అధీనంలో ఉన్న ప్రతి ప్రాణి విషయంలోనూ మనల్ని ప్రశ్నించనున్న ప్రభువు, ఆ ప్రశ్నకు తగిన జవాబు సిద్ధం చేసుకునే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.